కదిలే బొమ్మలు చేసే అమ్మాయి: బీటెక్కా, ఫైన్ ఆర్ట్సా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. కూకట్‌పల్లిలో ఉంటాం. మార్కులు బాగానే వస్తాయి. కానీ ఏడాదిగా ధ్యాసంతా కరెంటు పైపులు, సైకిల్ చైన్లు, పాత టేబుల్ ఫ్యాన్ మోటార్లతో కదిలే బొమ్మలు చేయడం మీదే. బాల్కనీ నిండా ఆ సామానే. గాలికి నడిచే జంతువులు చేసే ఒక విదేశీ కళాకారుడి వీడియోలు చూసి తనూ అదే పని చేస్తానంటోంది, బీటెక్ వద్దంటోంది. ఇదొక చదువా? దీంతో బతకొచ్చా? ఖండితంగా వద్దని చెప్పేయాలా? (ఒక తండ్రి, హైదరాబాద్)

జవాబు: ఖండితంగా వద్దనకండి. అలాగని ఇప్పుడే సరేననీ అనకండి. వింత ఊహలు ఉన్నవాళ్లు ఈ రంగంలో కావలసినంతమంది ఉన్నారు. దొరకనిది, తాము చేసినదాన్ని ప్రదర్శన జరిగే నెల రోజులూ ఆగకుండా నడిపించగలిగేవాళ్లు. మీ అమ్మాయిని పరీక్షించాల్సింది ఆ విషయంలోనే. కాలేజీని ఎంచుకోవాల్సిందీ ఆ లెక్కనే.

మీరు చెప్పిన కళాకారుడు నెదర్లాండ్స్‌కు చెందిన థియో యాన్సెన్ అయివుంటాడు. సముద్రపు ఒడ్డున గాలికి నడిచే పైపు జంతువుల్ని 1990 నుంచి చేస్తున్నాడు. ఆయన చదివింది డెల్ఫ్ట్‌లో ఫిజిక్స్, అదీ పట్టా దాకా పోలేదు. గాలికి తిరిగే వేలాడే శిల్పాలకు పేరు తెచ్చిన అమెరికన్ అలెగ్జాండర్ కాల్డర్ 1919లో మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా తీసుకున్నాకే కళలోకి వచ్చాడు. అంటే ఎంపీసీ చదివినందుకు మీ అమ్మాయికి పోయేదేమీ లేదు.

మన ఊళ్లో చూడాలంటే బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం ఉంది. కె. సుధాకర్ బూటు, క్రికెట్ బ్యాట్, స్నూకర్ బల్ల, చివరికి కమోడ్ ఆకారంలోనూ నడిచే బండ్లు తయారుచేశారు. 2005లో ఆయన చేసిన 41 అడుగుల 7 అంగుళాల ట్రైసైకిల్ గిన్నిస్‌కెక్కింది. ఒక ఆదివారం ఇద్దరూ వెళ్లండి. పై ఆకారం చూసి నవ్వుకున్నాక, స్టీరింగు ఎక్కడ పెట్టారు, డ్రైవరు ఎక్కడ కూర్చుంటాడు అని వంగి చూడమనండి. తెనాలిలో కాటూరి వెంకటేశ్వరరావు, రవిచంద్ర అనే తండ్రీకొడుకులు ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేస్తారు. వాళ్లది విగ్రహాల పనిలోంచి వచ్చిన చెయ్యి. చివరకు వింతగా కనిపించే ఈ పనుల కింద ఎప్పుడూ ఒక మామూలు వృత్తివిద్య ఉంటుంది.

ఇక పరీక్ష. యాన్సెన్ జంతువు లాంటి పన్నెండు కాళ్ల నడిచే బొమ్మను చేయమనండి. యాన్సెన్ తన జంతువు కాలి కొలతల నిష్పత్తుల్ని దాచుకోకుండా అందరికీ ఇచ్చేశాడు. క్రాంకు, అంటే గుండ్రంగా తిరుగుతూ కాలిని నడిపే చిన్న చేయి, 15 అనుకుంటే, దాన్నుంచి బయల్దేరే రెండు కడ్డీలు 50, 61.9. నేలను తాకే కింది త్రిభుజం 36.7, 49, 65.7. ఒక యూనిట్‌కు 5 మిల్లీమీటర్లు తీసుకుంటే క్రాంకు 75 మి.మీ., అన్నిటికన్నా పొడవైన కడ్డీ 328.5 మి.మీ. అవుతుంది. ఒక కాలికి పది కడ్డీలు. వాటి కొలతలన్నీ కూడితే దాదాపు 2.4 మీటర్లు. కొసలకు అటూ ఇటూ 15 మి.మీ. చొప్పున వదిలితే 2.7 మీటర్లు. కాబట్టి మూడు మీటర్ల కరెంటు పైపు ఒకటి కొంటే ఒక కాలు వస్తుంది. పన్నెండు కాళ్లకు పన్నెండు పైపులు, ఫ్రేముకు మరికొన్ని. ఖర్చు మీకు భారమేమీ కాదు.

చెడిపోయేది ఎక్కడో ముందే చెబుతాను, ఎందుకంటే ఆమె నేర్చుకోవాల్సింది అక్కడే. ఆ కొలతలు రంధ్రం మధ్య నుంచి రంధ్రం మధ్యకు, పైపు పొడవు కాదు. కొత్తవాళ్లలో చాలామంది పైపునే ఆ కొలతకు కోసేస్తారు. ప్రతి కడ్డీనీ టేపుతో విడిగా కొలిస్తే ఒక్కోటి ఒక్కో అర మిల్లీమీటరు తేడా వస్తుంది. కాళ్లన్నీ ఒకే ఎత్తులో నేలను తాకవు, బొమ్మ కుంటుతుంది. చెక్క పలక మీద సరైన దూరంలో రెండు మేకులు దిగ్గొట్టి, ఆ జిగ్గు మీదే ఒక సైజు కడ్డీలన్నిటికీ రంధ్రాలు వేయాలి. మూడు క్రాంకులు 120 డిగ్రీల తేడాతో ఉండాలి. రెండింటితో సరిపెడితే అడుగుకూ అడుగుకూ మధ్య ఒరిగి పడిపోతుంది.

తర్వాత కీళ్లు. మామూలు నట్టు కదలికకు ఊడిపోతుంది కాబట్టి లోపల నైలాన్ వలయం ఉండే నైలాక్ నట్టే వాడాలి, రెండువైపులా వాషర్లతో. మరీ బిగిస్తే కీలు పట్టేస్తుంది, వదులైతే పైపు రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో అరుగుతుంది. రంధ్రంలో ఇత్తడి గొట్టం ముక్క బుష్‌గా పెడితే చాలాకాలం నిలుస్తుంది. క్రాంకుల్ని తిప్పే షాఫ్టుకు మరల కడ్డీ వాడొద్దు, వంగుతుంది. 8 మి.మీ. నునుపు స్టీలు కడ్డీ, దానికి 608 బేరింగులు సరిపోతాయి. రాణిగంజ్‌లో అడిగితే ఎవరైనా ఇస్తారు. క్రాంకును షాఫ్టుకు పట్టే చిన్న స్క్రూ జారిపోవడం అందరికీ ఎదురయ్యేదే. స్క్రూ ఆనే చోట షాఫ్టును ఆకురాయితో కాస్త చదును చేస్తే ఆగుతుంది.

మోటారు సంగతి. మోటార్లను అదుపు చేసే చిన్న కంప్యూటర్ లాంటి ఆర్డుయినో బోర్డు పిన్ను నుంచి 20 మిల్లీ ఆంపియర్లకు మించి లాగకూడదు. అందుకని మోటారును నేరుగా దానికి కలపకూడదు, మధ్యలో మోటారుకు కావలసిన కరెంటు అందించే డ్రైవర్ సర్క్యూట్ ఉండాలి. ఎల్298ఎన్ అనే చవక డ్రైవర్ తానే దాదాపు రెండు వోల్టులు మింగేస్తుంది. 12 వోల్టులు ఇచ్చి, మోటారుకు 12 అందడం లేదేమని తల పట్టుకునేవాళ్లు ఎందరో. చెప్పిన కోణానికి తిరిగి ఆగే సర్వో మోటార్లకు బోర్డు నుంచే కరెంటు ఇస్తే, బరువు పడ్డప్పుడల్లా బోర్డు ఆగి మళ్లీ మొదలవుతుంది. వాటికి వేరే 5 వోల్టుల సప్లై పెట్టి, గ్రౌండ్ తీగలు మాత్రం కలపాలి. ఈ సామాను కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది.

బొమ్మ నడిచిన రోజు చప్పట్లు కొట్టండి కానీ పరీక్ష ఆ మర్నాడే మొదలు. కాళ్లు నేలకు ఆనకుండా స్టాండు మీద ఎత్తి పెట్టి రోజుకు ఎనిమిది గంటలు, వారం పాటు నడిపించమనండి. ఏ గంటలో ఏ కీలు వదిలింది, మోటారు ఎంత వేడెక్కింది, ఏం మార్చింది, అన్నీ తేదీ వేసి పుస్తకంలో రాయాలి. మూడోసారి విరిగాక కూడా స్పానర్ పట్టుకుని కూర్చుంటే మీ అనుమానం తీరినట్టే. ఆసక్తి పోయి కొత్త బొమ్మ మొదలుపెడితే దాన్ని సరదాగానే ఉంచి, బీటెక్ చదివించండి. అందులో చిన్నతనమేమీ లేదు.

చదువుల విషయానికొస్తే, మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో నాలుగేళ్ల ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, బీఎఫ్‌ఏ ఉంది. అందులో శిల్పకళ తీసుకోవాలి, పెయింటింగ్ కాదు. అచ్చులు, పోత, లోహం, బరువును నిలబెట్టడం నేర్పేది శిల్పమే. ప్రవేశ పరీక్షలో బొమ్మ గీయాలి కాబట్టి పైపుల పిల్ల రోజూ గంటసేపు పెన్సిల్ కూడా పట్టాలి. తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో శిల్పకళలో ఎంఎఫ్‌ఏ చేయొచ్చు.

నన్నడిగితే మీ అమ్మాయికి ఇంకా నప్పేది డిజైన్ డిగ్రీ. ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్ సీట్లు యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష ర్యాంకుతో ఇస్తారు. ఇంటర్‌లో ఏ గ్రూపైనా రాయొచ్చు. దరఖాస్తులు అక్టోబరు ప్రాంతంలో మొదలవుతాయి, పరీక్ష జనవరిలో. ఇక్కడొక మెలిక ఉంది: యూసీడ్ రెండుసార్లే రాయనిస్తారు, అదీ వరుస సంవత్సరాల్లో. ఊరికే చూద్దామని ఈసారి రాస్తే ఒక అవకాశం పోయినట్టే. అహ్మదాబాద్ ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో ఎగ్జిబిషన్ డిజైన్, ప్రొడక్ట్ డిజైన్ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒక ఎన్‌ఐడీ ఉంది. వాటి పరీక్ష వేరు. రెండో దశ మెయిన్స్‌లో సామాను ఇచ్చి చేతులతో చేయిస్తారు, మీ అమ్మాయి అక్కడ మెరవొచ్చు. ఏ కాలేజీకి వెళ్లినా బ్రోషర్ పక్కన పెట్టి వర్క్‌షాప్ చూపించమనండి. సాయంత్రం ఎన్నింటికి తాళం వేస్తారు, ఫస్టియర్ వాళ్లను లేత్ ముట్టుకోనిస్తారా అని సీనియర్లనే అడగండి.

బీఆర్క్ మధ్యేమార్గమని బంధువులు చెబుతారు. అయిదేళ్లు భవనాలు గీయడం ఆమెకు ఇష్టమైతే తప్ప ఆ దారి పట్టించకండి. బీటెక్ తప్పదని మీకు గట్టిగా ఉంటే మెకానికల్ చేయించండి, ఆ తర్వాత సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎండిజైన్‌కు వెళ్లొచ్చు. మోసం లేని దారే, నాలుగేళ్లు ఆలస్యం అంతే.

ఈలోగా చేతిపనికి రాయదుర్గంలో టీ-వర్క్స్ అనే వర్క్‌షాప్ ఉంది. లేజర్ కటింగ్, త్రీడీ ప్రింటింగ్, చెక్కపని, లోహపు పని యంత్రాలు ఒకే కప్పు కింద ఉన్నాయి. వెళ్లి షరతులు కనుక్కోండి. వెల్డింగ్ మాత్రం యూట్యూబ్ చూసి నేర్చుకోనివ్వకండి. జింకు పూత పైపును వెల్డ్ చేస్తే వచ్చే తెల్లటి పొగ పీల్చితే ఆ రాత్రికి జ్వరం వస్తుంది. పాత పెట్రోలు ట్యాంకును, ఖాళీదైనా సరే, కోయబోతే పేలొచ్చు. బేరింగు, గేరు లాంటి గట్టి ఉక్కు ముక్కల్ని అలాగే అతికిస్తే చల్లారేటప్పుడు టక్కున పగుళ్లిస్తాయి. బాలానగర్‌లో నమ్మకమైన షెడ్డు చూసి, మేస్త్రీ పక్కన నిలబడి నేర్చుకోవాలి.

బతుకుతెరువు మాట. గ్యాలరీలో కదిలే బొమ్మ అమ్ముడుపోవడం కష్టం, పాడైతే ఎవరు బాగుచేస్తారని కొనేవాడి భయం. డబ్బు వచ్చేది వేరే చోట్ల నుంచి: ఐటీ ఆఫీసుల, హోటళ్ల లాబీలు, సైన్స్ మ్యూజియాల ఎగ్జిబిట్లు, సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్లు, కంపెనీల ఎక్స్‌పీరియెన్స్ సెంటర్లు. మొదటి రెండు మూడేళ్లు ఆదాయం నెలనెలా రాదు, మీరు ఇంట్లో అండగా ఉండాలి. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకు ఇచ్చే స్కాలర్‌షిప్ నెలకు 5,000 రూపాయలు, రెండేళ్ల పాటు వస్తుంది. వయసు 18 నుంచి 25 లోపు ఉండాలి. ఆర్ట్ కాలేజీ విద్యార్థులకు కొచ్చి బినాలే అనే పెద్ద కళా ప్రదర్శనలో ప్రత్యేకంగా స్టూడెంట్స్ బినాలే ఉంటుంది, బీఎఫ్‌ఏతో కలిసొచ్చే లాభాల్లో అదొకటి.

కొటేషన్ రాయడం ఇప్పటినుంచే అలవాటు చేయండి. సామాను, మిషన్ షాపు కూలి, రవాణా, బిగింపు, ఆ తర్వాత ఏడాది మరమ్మతులు, ఇవన్నీ విడివిడి పద్దులు. సగం అడ్వాన్సు రాకుండా పైపు కొనకూడదు. మరమ్మతు పద్దు రాయనివాళ్లు ఆరునెలల తర్వాత సొంత పెట్రోలు పోసుకుని గచ్చిబౌలికి తిరుగుతుంటారు. ఇంకొకటి, బొమ్మ గీసేముందే లిఫ్టు తలుపు వెడల్పు కొలవాలి. పట్టకపోతే రాత్రికి రాత్రి కోసి మళ్లీ అతికించాల్సి వస్తుంది.

ఈ వారమే చేయాల్సిన పని ఒకటి ఉంది. పాత టేబుల్ ఫ్యాన్ మోటార్లన్నారు. అవి 230 వోల్టులవి. బాల్కనీ అంటే వానజల్లు, తడి నేల, ఇనుప గ్రిల్లు. వాటిని తీయించి 12 వోల్టుల గేర్ మోటారు, ఫ్యూజు ఉన్న అడాప్టర్ కొనివ్వండి. ఆ ప్లగ్ పాయింటుకు ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు, లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పెట్టించండి.