మీరడిగారు: సెలవుల్లో ఊరి పుస్తకాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం వేసవి సెలవుల్లో ఏం చదవాలన్న దాని గురించే. చెన్నైలో ఉండే తెలుగువాళ్ళు రాసిన నాలుగింటికి ఇక్కడ జవాబు చెబుతున్నాను.

ప్రశ్న: మా పాపకి పదమూడేళ్ళు, బాబుకి పది. ఇద్దరూ తెలుగు కూడబలుక్కుని చదువుతారు. మే నెలంతా కావలి దగ్గర మా అత్తగారి ఊళ్ళో ఉంటాం. మన ప్రాంతం చరిత్ర, పల్లె సంగతులు తెలిసేలా ఏం చదివించమంటారు? చరిత్ర అంటే చాలు, రాజుల పేర్లు, తేదీలే కదా అని మొహం తిప్పేస్తున్నారు. – ఒక అమ్మ, పెరంబూరు

జవాబు: అమ్మా, అందులో పిల్లల తప్పేం లేదు, మనం వాళ్ళకి పెట్టిన చరిత్ర అలాంటిది. వాళ్ళకి తెలిసిన దారి మీద నుంచే మొదలుపెట్టండి. మీరుండేది పెరంబూరు, పక్కనే తండయారుపేట. 1830 మే 18, మంగళవారం రాత్రి ఏనుగుల వీరాస్వామయ్య గారు కాశీకి బయల్దేరి, ముందు ఆ తండయారుపేటలోని తన తోట ఇంటికే చేరారు. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒకరి మాటని ఇంకొకరి భాషలోకి మార్చి చెప్పే ఉద్యోగి. దాదాపు వంద మందిని వెంటబెట్టుకుని, మండుటెండల్లో మొదలుపెట్టి, కాశీ, గయ, కలకత్తా చూసుకుని 1831 సెప్టెంబర్ 3న తిరిగొచ్చారు. పదిహేను నెలల పదిహేను రోజులు! దారి పొడుగునా రాసుకున్నదంతా స్నేహితుడికి పంపిస్తే, ఆయన పోయాక 1838లో అది కాశీయాత్ర చరిత్రగా అచ్చయింది.

భాష పాతది, పిల్లలు సొంతంగా చదవలేరు, అందుకని మీరే రోజుకి రెండు పేజీలు పైకి చదివి వినిపించండి, మొత్తం పూర్తి చేయాలన్న టెన్షన్ వద్దు. ఏ ఊళ్ళో సత్రం ఉంది, చెరువు ఎలా ఉంది, నీళ్ళు మంచివా ఉప్పువా, బియ్యం కూరలు దొరుకుతాయా, బాట ఇసకా రాయా, తర్వాతి మజిలీ ఎన్ని ఆమడలు, ఇవే ఆయన రాసేవి. పోయిన వేసవిలో నెల్లూరు వెళ్తూ రైల్లో మా అన్నయ్య కూతురికి కొన్ని పేజీలు చదివాను. కాసేపు విని, "అత్తా, ఈయన ప్రతి ఊళ్ళోనూ నీళ్ళ గురించే ఎందుకు రాస్తున్నాడు?" అంది. నేనేమీ చెప్పలేదు. గుమ్మిడిపూండి దాటాక తన చేతిలో సీసా ఖాళీ అయింది, సూళ్ళూరుపేట వచ్చేదాకా కిటికీలోంచి కనిపించిన ప్రతి చెరువునీ చూస్తూ "ఇది ఎండింది, ఇందులో కొంచెం ఉంది" అని లెక్కపెడుతూ కూర్చుంది. వంద మందితో నడిచే మనిషికి చెరువు అంటే ఏంటో దానికి నేను విడమరిచి చెప్పాల్సిన పనే పడలేదు. ఆయన తిరుగు ప్రయాణం నెల్లూరు మీదుగానే సాగింది కాబట్టి మీ పిల్లలకి ఆ చివరి పేజీలు కూడా బాగా అందుతాయి.

ఊరు చేరాక మీరు చదవాల్సింది సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర. మీరు అన్నది పిల్లల్ని కాదు, మిమ్మల్నే. 1949లో వచ్చిన పుస్తకం, తెలుగుకి మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 1955లో దీనికే ఇచ్చారు. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని పాత కావ్యాలన్నీ వెతికి పోగుచేసిన మనిషి ఆయన. మీరు రెండు పేజీలు చదివి, అందులో దొరికిన ఒక మాటని మీ అత్తగారి దగ్గరికి పట్టుకెళ్ళమని పిల్లలకి చెప్పండి. మా ఇంట్లో అలాగే ఒకరోజు కొలతల మాట వచ్చింది. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని మా అమ్మ గడగడా చెప్పి, అటక మీద నుంచి నల్లబడిపోయిన సోల దింపించింది. అడుగున చిన్న సొట్ట, అంచు మీద మా ముత్తాత పేరులో మొదటి అక్షరం. ఆ పూట మా మేనకోడలు దాంతోనే బియ్యం కొలిచి పోసింది, తలకొట్టుగా ఎలా కొలవాలో, గోపురంగా ఎలా పోయాలో వాళ్ళ నానమ్మ చేయి పట్టుకుని చూపించింది.

ఇక వాళ్ళంతట వాళ్ళు చదువుకోవడానికి సత్యం శంకరమంచి గారి అమరావతి కథలు ఇవ్వండి. వంద కథలు, చాలావరకు రెండు మూడు పేజీలే, బాపు గారి బొమ్మలు. కూడబలుక్కుని చదివే పిల్లాడికి ఒక కథ పూర్తయిందన్న సంతోషం చాలా ముఖ్యం.

ప్రశ్న: మా పూర్వీకులు ఎప్పుడో తెలుగుదేశం నుంచి కోవిల్‌పట్టి వైపు వచ్చిన రైతులు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, కానీ నాకు తెలుగు చదవడం రాదు, తమిళం చదువుతాను. ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ళు మా తెలుగు వింటే నవ్వుతారు. మా వాళ్ళ కథ ఎక్కడైనా రాసి ఉందా? ఈ ఉత్తరం మనవరాలి చేత రాయిస్తున్నాను. – రిటైరైన ఉద్యోగి, అంబత్తూరు

జవాబు: పెదనాన్నగారూ, ఉందండీ, అదీ మీకు వచ్చిన తమిళంలోనే ఉంది. కి. రాజనారాయణన్ గారి గోపల్ల గ్రామం చదవండి. 1976లో వచ్చిన నవల. ఆయనది మీ కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్, ఇంట్లో తెలుగు, రాసింది తమిళం. తెలుగునేల విడిచి దక్షిణానికి నడిచొచ్చిన కుటుంబాలు అడవి కొట్టి, నల్లరేగడి దున్ని ఊరు కట్టుకున్న కథ, చాలా మటుకు ఆ ఇంటి పండు ముసలి అవ్వ నోటి మీదుగా వింటాం. దాని తర్వాతి భాగం గోపల్లపురత్తు మక్కళ్‌కి 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. నేను మొదటిసారి చదివినప్పుడు, మనవాళ్ళ కథని ఇంత బాగా తమిళంలో చదువుకోవాల్సి వచ్చిందే అని కాసేపు బాధపడ్డాను, తర్వాత ఆ బాధ పోయి ఆయన మీద గౌరవమే మిగిలింది.

మీ తెలుగు విని నవ్వేవాళ్ళని పట్టించుకోకండి. మేం ఎప్పుడో పారేసుకున్న మాటలు మీ నోట్లో ఇంకా బతికి ఉన్నాయి. కి.రా. గారు తన కరిసల్ (నల్లరేగడి) సీమ మాటలతో ఏకంగా ఒక నిఘంటువే తయారుచేశారు. మీరూ ఒక నోటుబుక్కు పెట్టండి. వ్యవసాయం మాటలు, వంటింటి మాటలు, చుట్టరికాలు, తిట్లు కూడా, ఏదీ వదలకుండా మీ మనవరాలి చేత రాయించండి. ఈ సెలవుల్లో ఆ పిల్లకి ఇంతకంటే మంచి పని నాకు తోచడం లేదు.

ప్రశ్న: ఫ్రెండ్స్‌తో బైక్ మీద పులికాట్ వెళ్ళొచ్చాను, మేలో మళ్ళీ వెళ్దామనుకుంటున్నాం. ప్రకృతి గురించి తెలుగులో ఏం చదవొచ్చు? – ఐటీ ఉద్యోగి, షోళింగనల్లూరు

జవాబు: తమ్ముడూ, మేలో వద్దు. నీళ్ళు బాగా తగ్గిపోతాయి, మీరు చూడాలనుకునే రాజహంసలు ఎక్కువగా చలికాలంలోనే ఉంటాయి. డిసెంబర్, జనవరిల్లో వెళ్ళండి, అప్పుడైతే పక్కనే నేలపట్టులో నీళ్ళల్లో నిలబడ్డ కడప అనే చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్ళు పెట్టుకుని ఉంటాయి.

ఈలోపు వనవాసి చదవండి. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ బెంగాలీ నవలకి సూరంపూడి సీతారాం గారి తెలుగు. కలకత్తా నుంచి ఉద్యోగానికి వచ్చిన కుర్రాడు అడవిని ప్రేమిస్తాడు, కానీ ఆ అడవి నేలని ముక్కలు చేసి సాగుకి ఇవ్వడమే అతని ఉద్యోగం. చెరువులు పూడ్చి కట్టిన ఆఫీసుల్లో పనిచేసే మనందరికీ అది ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడ గుచ్చుకుంటుంది.

ఇంకోటి, కలివికోడి గురించి దొరికినదల్లా చదవండి. కలివి పొదల్లో తిరిగే చిన్న పిట్ట, రాత్రిపూటే బయటికొస్తుంది. 1900 తర్వాత ఎవరికీ కనపడక, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల దగ్గర ఒక పల్లెటూరి మనిషి రాత్రి టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. పుస్తకాల్లో లేదనుకున్న పిట్ట ఆ ఊరివాళ్ళకి పేరుతో సహా తెలుసు! దాని కోసం తెలుగుగంగ కాలువ దారి మార్చారు, ఆ ప్రాంతాన్ని శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం చేశారు. చెన్నై తాగే నీళ్ళల్లో పూండి మీదుగా చేరే కృష్ణ నీళ్ళు కూడా కలుస్తాయి కదా, అవి ఈ తెలుగుగంగ పథకం నీళ్ళే.

ప్రశ్న: మీరు చెప్పే పాత పుస్తకాలు చెన్నైలో ఎక్కడ దొరుకుతాయి? కొనే స్తోమత లేదు. – కాలేజీ విద్యార్థిని, వ్యాసర్‌పాడి

జవాబు: కొనక్కర్లేదమ్మా. ఎగ్మోర్‌లో కన్నెమరా లైబ్రరీకి వెళ్ళు. 1896లో తెరిచారు, దేశంలో అచ్చయ్యే పుస్తకాల కాపీలు చట్టప్రకారం అందుకునే నాలుగు లైబ్రరీల్లో ఇదొకటి. తెలుగు పుస్తకాలు ఎక్కడున్నాయో లోపల అడిగితే చూపిస్తారు, మొహమాటపడకు. కాశీయాత్ర చరిత్ర, సురవరం వారి పుస్తకం లాంటి పాతవి ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి, ఫోన్‌లో చదవడం కష్టమైతే కావలసిన పేజీలు ప్రింట్ తీసుకో. లైబ్రరీ మ్యూజియం ఆవరణలోనే ఉంటుంది, స్టేషన్ నుంచి నడిచి వెళ్ళొచ్చు, ఎండ కాబట్టి పొద్దున్నే బయల్దేరు.