మూడు కాళ్ళ ఆవు మీద కవిత

ప్రశ్న: అక్కా, మా పాపకు ఏడేళ్ళు. సున్నాలు, గీతలతోనే ఆవు, సాలీడు, బల్లి, ఏదైనా గీసేస్తుంది. ఒక్కో బొమ్మ పక్కన నాలుగు పాదాల చిన్న కవిత రాసి, అన్నీ కలిపి పుస్తకంలా కుట్టి దాచాలని నా ఆశ. తీరా కూర్చుంటే ‘ఆవు తెల్లన, పాలు తెల్లన’ దగ్గరే ఆగిపోతున్నాను. నాకు ఛందస్సు రాదు, రాకపోయినా రాయొచ్చా? జంతువుల గురించి చదివి రాయాలా? ఇంకోటి, ఫొటో పంపిన ఆవు బొమ్మకి మూడే కాళ్ళున్నాయి, సరిచేయించాలా?
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: ముందు ఆఖరి ప్రశ్నకి చెప్తాను. వద్దు తల్లీ, ఆ నాలుగో కాలు గీయించొద్దు. మీ కవిత అక్కడే ఉంది.

‘ఆవు తెల్లన, పాలు తెల్లన’ అనేది మీ పాప గీసిన ఆవు గురించి కాదు, మనందరికీ చిన్నప్పట్నుంచి నోటికి అలవాటైపోయిన ఆవు గురించి. బొమ్మ చూడకుండానే ఆ మాట రాసేయొచ్చు కదా. మీ ఫొటో నేను చాలాసేపు చూశాను. పొట్ట ఒక పెద్ద సున్నా, కొమ్ములు రెండూ ఒకే పక్కకి ఒరిగాయి, మూడో కాలు గీసేసరికి కాగితం అంచు వచ్చేసింది, ఇంక నాలుగోదానికి చోటే లేదు. పాపని ‘ఇదేంటి?’ అని అడిగితే ‘ఆవు’ అంటుంది, అక్కడితో మాట అయిపోతుంది. ‘నాలుగో కాలు ఎక్కడికి పోయింది?’ అని అడిగి చూడండి, పిల్లలు చెప్పే జవాబుల్లో సగం కవిత్వం తయారుగా ఉంటుంది. నాకు తోచింది ఇది:

మూడు కాళ్ళే గీసింది
పాప ఆవుకి
నాలుగోది
గడ్డి కోసం వెళ్ళిందట

ఇది నానీలు అనే చిన్న కవితల కొలత. నాలుగు పాదాలు, మొత్తం కలిపి 20 నుంచి 25 అక్షరాలు, పైదానిలో 24 ఉన్నాయి. ఒత్తు ఉన్నా ఒక అక్షరంగానే లెక్క, వేళ్ళ మీద సరిచూసుకోవచ్చు. మొదటి రెండు పాదాల్లో ఒక మాట చెప్పి, తర్వాతి రెండింట్లో దాన్ని మలుపు తిప్పుతారు. ఆటవెలది నాకు ప్రాణం, వేమన పద్యాలతోనే పెరిగాను, కానీ మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు సరిపెట్టే టెన్షన్‌లో ఇప్పుడు మీ చూపు బొమ్మ మీద నిలవదు. తర్వాత తప్పకుండా నేర్చుకోండి.

చదవడం అంటారా, కొంచెం తెలిస్తే మంచిదే. మన పుంగనూరు ఆవు ఇంచుమించు మూడడుగుల ఎత్తే ఉంటుందని తెలిస్తే, పాప పొట్టి కాళ్ళు గీసిన రోజు మీకు ఇంకో కవిత దొరుకుతుంది. శ్రీకాళహస్తి పేరులోనే సాలీడు, పాము, ఏనుగు మూడూ ఉన్నాయి, సాలీడు గీసినప్పుడు ఆ కథ పాపకి చెప్పండి, కానీ కథంతా తెచ్చి నాలుగు పాదాల్లో కుక్కొద్దు. బొమ్మలో ఏముందో, ఏది లేదో అదే చాలు:

సున్నాకి ఎనిమిది కాళ్ళు
గూడు లేదు
పెన్సిలు ఇంకా
దారం తీస్తోంది

శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు ముందు చింతపుల్ల బొగ్గుతో గుడ్డ మీద గీసుకుంటారు, ఆ తర్వాతే బెల్లం, ఇనుము నానబెట్టి చేసిన నల్లరంగులో కలం ముంచి ఆ గీతల మీద గీస్తారు. మీరూ వేరే కాగితం మీద పెన్సిల్‌తో రాసి, రెండు మూడు సార్లు పైకి చదివి, అక్కర్లేని మాటలు కొట్టేసి (నేనైతే ‘చాలా’, ‘ఎంతో’, ‘అందమైన’ ముందు కొట్టేస్తాను), అప్పుడు పెన్నుతో పుస్తకంలోకి ఎక్కించండి. బొమ్మ మీద రాయొద్దు, పక్కన రాయండి. పాప పేరు పైన, మీ పేరు కింద. తేదీ మాత్రం మరిచిపోవద్దు, ఈ ఏడాది మూడు కాళ్ళు గీసిన చెయ్యి వచ్చే ఏడాదికి నాలుగూ గీసేస్తుంది.