లేచిపోతున్న మేనకోడలికి

చిట్టీ,

పొద్దున కేబీఆర్ పార్కులో నడుస్తుంటే మీ అన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు, నువ్వూ ఆ అబ్బాయీ అమెరికాలో యోసెమిటీ నేషనల్ పార్కులో ఆరుగురి మధ్య పెళ్లి చేసుకుంటున్నారని, దాన్ని ఎలోప్‌మెంట్ అంటారని. పక్కనున్న బెంచీ మీద కూలబడ్డాను. నేషనల్ పార్కు అంటే నాకు తెలిసింది ఇదే, ఇక్కడ నెమళ్లూ, షుగరూ బీపీ ఉన్న మాలాంటి వాళ్లూ తప్ప ఇంకెవరుంటారు? కోపం వచ్చిన మాట నిజం. ఇంటికి రాగానే మీ మామయ్యతో మాత్రం "దీనికి నా పోలికే వచ్చింది" అని గొప్పగా చెప్పుకున్నాను. మా కాలంలో దీన్ని లేచిపోవడం అనేవాళ్లు, ఫోటోగ్రాఫర్‌ని వెంట తీసుకెళ్లేవాళ్లం కాదు.

రాత్రి కళ్లజోడు పెట్టుకుని పార్కు వాళ్ల వెబ్‌సైటంతా చదివాను. ఆరుగురమే కదా అని ఊరుకోకు, ఎంత చిన్న పెళ్లికైనా పర్మిట్ కావాలి, అప్లికేషన్‌కి 150 డాలర్లు, కనీసం 21 రోజుల ముందు పెట్టాలి. పెళ్లి లైసెన్సు కాలిఫోర్నియాలో ఏ కౌంటీలో (మన జిల్లా లాంటిదట) తీసుకున్నా చెల్లుతుంది, 90 రోజుల్లోపు పెళ్లి అయిపోవాలి. తర్వాత సర్టిఫికెట్ కాపీలు నాలుగు తీసుకుని అపోస్టిల్ వేయించు, అంటే వేరే దేశంలో చెల్లడానికి ప్రభుత్వం వేసే ముద్ర, ఇక్కడ పనికొస్తుంది.

ఏప్రిల్ ఆఖర్న, ఆ పార్కులోని గ్లేసియర్ పాయింట్ కొండ మీద అని ఎవరు పెట్టారే ముహూర్తం? మంచు వల్ల ఆ రోడ్డు మామూలుగా మే నెలాఖరు దాకా తెరవరు. ఇంకోటి, బియ్యం, పూలరేకులు అక్కడ చల్లకూడదట. అంటే తలంబ్రాలు లేవు, అక్షింతలు లేవు. సరే, అవి ఇక్కడికి వచ్చాక నేను వేస్తాలే. పులిహోర చేసుకుంటే రాత్రి కారులో వదిలేయకండి, ఎలుగుబంట్లు కారు తలుపులు పీకేస్తాయట.

అక్కడే ఉన్న టాఫ్ట్ పాయింట్ అనే కొండ అంచు మాత్రం వద్దు. 2018లో మన దేశం వాళ్లే, వయసులో ఉన్న భార్యాభర్తలు, అక్కడి నుంచి పడిపోయి చనిపోయారు. ఆ వార్త చదివినప్పటి నుంచి మీ ఫోటోల్లో ఎక్కడ కొండ అంచు కనిపించినా నాకు అరికాళ్లలో జిల్లుమంటుంది. పట్టుచీర కుచ్చిళ్లతో రాయి మీద నిలబడి నవ్వాల్సిన పనేం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. సాక్షి సంతకం ఎవరితో పెట్టిస్తున్నావు?

1991లో మా పెళ్లి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. హుస్సేన్‌సాగర్‌లో మునిగిపోయిన బుద్ధుడి విగ్రహం ఇంకా నీళ్ల అడుగునే ఉంది, మేం ట్యాంక్‌బండ్ మీద నిలబడి, ఆయన పైకి వచ్చేలోపు మనం సెటిల్ అవుతామా అని నవ్వుకునేవాళ్లం. స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద 30 రోజుల నోటీసు. ఆ నెల రోజులూ మా ఇద్దరి పేర్లు బోర్డు మీద ఉంటే తెలిసినవాళ్లెవరి కంట్లో పడతాయోనని అన్నం సహించేది కాదు. చివరి రోజు ముగ్గురు సాక్షులు కావాలి, ఇద్దరే వచ్చారు. మూడో అతను నాలుగైనా రాలేదు. మా బాబాయి అక్కడికి రెండు వీధుల అవతలే పనిచేసేవాడు, ఫోన్ చేస్తే స్కూటర్ మీద పది నిమిషాల్లో వచ్చేవాడు. నాన్నకి చెప్పేస్తాడని భయపడ్డాను. బయట చెట్టు కింద అర్జీలు టైపు చేసే ఆయన్ని బతిమాలి సంతకం పెట్టించాం. పాపం ఆయన మంచివాడే, డబ్బులు కూడా తీసుకోలేదు, మా ఇద్దరి పేర్లు మాత్రం రెండుసార్లు అడిగాడు.

రెండేళ్లకి రాకపోకలు మొదలయ్యాక బాబాయి మా ఇంటికొచ్చి సర్టిఫికెట్ చూపించమన్నాడు. మెల్లగా చదివి మూడో పేరు దగ్గర వేలు పెట్టి "ఈయన ఎవరమ్మా?" అన్నాడు. చెప్పాను. కాగితం మడతల మీదే మడిచి ఇచ్చేసి, "కాస్త టీ పెడతావా" అన్నాడు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు, ఒక్కసారి తప్ప. మా అమ్మాయి పెళ్లికి శుభలేఖ ఇస్తుంటే నవ్వుతూ, "సంతకానికి మనుషులు సరిపోయారా?" అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. ఆయన పోయి ఆరేళ్లవుతోంది. ఆ రోజు ఫోన్ చేసుంటే నిజంగానే నాన్నకి చెప్పేవాడేమో, ఏమో, అయినా చేయాల్సింది.

అక్కడ మామూలు లైసెన్సుకి ఒక్క సాక్షి చాలట. చాలామంది ఫోటోగ్రాఫర్ చేతే పెట్టించేస్తారట. అసలు సాక్షే అక్కర్లేని కాన్ఫిడెన్షియల్ లైసెన్సు కూడా ఉందట, దాని జోలికి పోకు. మీ నాన్న నా తమ్ముడు, వాడి సంగతి నాకు తెలుసు, మొదట అరుస్తాడు, రెండు రోజులు మాట్లాడడు, తర్వాత స్వెట్టర్ ఎక్కడుందని మీ అమ్మని అడుగుతాడు. రాడని నువ్వే తేల్చేసుకోకు. ఒకసారి అడుగు.

అప్పటికీ రానంటే నాకు ఫోన్ చెయ్యి. నా వీసాకి ఇంకా నాలుగేళ్లుంది. కొండ అంచు దాకా మాత్రం రాను, కారు దగ్గరే నిలబడి సంతకం పెడతాను.

నీ అత్త