రెమస్ దూకింది ఏ గోడ?

ప్ర: రోమ్ కట్టేటప్పుడు గోడ దూకాడని రెమస్‌ని తోడబుట్టిన రోములసే చంపాడట. అంత చిన్న తప్పుకు అంత శిక్షా?

జ: రోమన్ల కళ్లకు అది చిన్న తప్పు కాదు. తగువు శకునాల దగ్గరే మొదలైంది. కవలలు కాబట్టి పెద్దరికం తేలక పక్షుల కోసం చూశారు. అవెంటైన్ కొండ మీద రెమస్‌కు ముందుగా 6 రాబందులు కనిపించాయి, పాలటైన్ మీద రోములస్‌కు ఆ తర్వాత 12. ముందు కనిపించినవి లెక్కా, ఎక్కువ కనిపించినవి లెక్కా?

ఊరి హద్దు గీసే తంతును పొరుగు జాతి ఎట్రుస్కన్ల నుంచి నేర్చుకున్నామని రోమన్లు చెప్పుకున్నారు. ముందు గుండ్రంగా గొయ్యి తవ్వి తొలి పంటలు, ఎవరి సొంతూరి మట్టి వాళ్లు తెచ్చి వేస్తారు. నాగలికి కంచు కర్రు తొడిగి, కాడికి కుడివైపు ఆంబోతును, ఎడమవైపు ఆవును కడతారు. ఆవు ఎప్పుడూ ఊరి లోపలి వైపే ఉండాలి. అంటే మన ప్రదక్షిణకు ఎదురు దిశలో దున్నుకుంటూ పోతారు. పెళ్లలన్నీ లోపలికే పడాలి. బయట పడ్డవాటిని వెనక నడిచేవాళ్లు ఏరి లోపలికి వేస్తారు. నాగటి చాలు కందకానికి గుర్తు, లేచిన మట్టి గోడకు గుర్తు. మట్టి బయట పడితే గోడ కందకానికి అవతల ఉన్నట్టే కదా! ద్వారం రావలసిన చోట నాగలి ఎత్తి, మోసుకుపోయి, అవతల దించుతారు. కర్రు తగిలిన మేరంతా పవిత్రం, దాటకూడదు. ద్వారం కూడా పవిత్రమైపోతే శవాలు బయటికి వెళ్లే దారే ఉండదని గ్రీకు రచయిత ప్లూటార్క్ వివరణ. రెమస్ దాటింది ఆ హద్దు.

అయితే రోమన్ చరిత్రకారుడు లివీ రెండు కథలూ రాశాడు: శకునాల తగువు ముదిరి కొట్లాటలో పోయాడని ఒకటి, గోడ దూకాడని మరొకటి. ఎక్కువమంది చెప్పుకునేది రెండోదేనని ఆయనే అన్నాడు.

ప్ర: రోమ్‌కు మూలపురుషుడు ట్రాయ్ వీరుడు ఏనియసా, రోములసా?

జ: వంశానికి ఏనియస్, ఊరికి రోములస్. పాత కవులు నేవియస్, ఎన్నియస్ రోములస్‌ను ఏనియస్‌కు మనవణ్నే చేశారు. కానీ గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ లెక్కలో ట్రాయ్ కూలింది క్రీ.పూ. 1184లో, రోమన్ పండితుడు వర్రో లెక్కలో రోమ్ పుట్టింది క్రీ.పూ. 753 ఏప్రిల్ 21న. మధ్యలో 431 ఏళ్లు! ఆ ఖాళీ పూడ్చడానికే రోమ్‌కు ముందటి ఊరు ఆల్బా లోంగా రాజుల వరుస పుట్టుకొచ్చింది. ఆ తర్వాతి 7గురు రోమ్ రాజులకు కలిపి 244 ఏళ్లు, తలా సుమారు 35. అదీ నమ్మడం కష్టమే.

రోమ్ పుట్టుక నుంచి ఏళ్లు లెక్కపెట్టాలంటే క్రీ.పూ. అంకెను 754లోంచి తీసెయ్యండి: సీజర్ హత్య క్రీ.పూ. 44, అంటే 710వ ఏడు. క్రీ.శ. అయితే 753 కలపండి. సున్నా సంవత్సరం లేదు కాబట్టే ఈ ఒక అంకె తేడా. చాలామంది తప్పేది ఇక్కడే. రోమన్ చక్రవర్తి ఫిలిప్ రోమ్‌కు వెయ్యేళ్ల పండుగ చేసిన క్రీ.శ. 248 ఈ లెక్కలో 1001వ ఏడు, వెయ్యి నిండాక వచ్చినది.