పదివేల డాలర్ల అప్పుతో తూటాలు నిల్వ చేసుకోవడం లాభమా?

ప్రశ్న: నేను టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాను. గ్రీన్‌కార్డు ఉంది. నాలుగేళ్ల క్రితం ఒక సహోద్యోగి దగ్గర రష్యాలో తయారైన సైగా రైఫిల్‌ను 700 డాలర్లకు కొన్నాను. అది 7.62×39 (మిల్లీమీటర్లలో గుండు వ్యాసం, తొడుగు పొడవు) తూటాలు వాడే రకం. వారాంతాల్లో షూటింగ్ రేంజ్‌కు వెళ్లి నెలకు సుమారు 200 తూటాలు కాలుస్తాను. దిగుమతి ఆంక్షలు మరింత బిగుస్తాయని, ఇప్పుడు 50 సెంట్లున్న తూటా త్వరలోనే 70 సెంట్లవుతుందని దుకాణదారు చెబుతున్నారు. అందుకని 20,000 తూటాలు ఒకేసారి క్రెడిట్ కార్డుపై కొని, మూడేళ్లలో తీర్చేద్దామనుకుంటున్నాను. కార్డు వడ్డీ 22 శాతం. మాతోనే ఉంటూ హెచ్‌1బీపై పనిచేస్తున్న మా తమ్ముడు సగం ఖర్చు పెట్టుకుంటానంటున్నాడు. అయిదేళ్లలో విజయవాడకు తిరిగి వెళ్లే ఆలోచన కూడా ఉంది. ఈ రైఫిల్‌ను 1,200 డాలర్లకు ఒకరు అడుగుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ దుకాణదారు భయం పూర్తిగా ఆధారం లేనిది కాదు. అయితే ఆ భయానికి మీరు కట్టబోతున్న ధర ఎంతో ముందు లెక్క వేద్దాం. పదివేల డాలర్లను 22 శాతం వడ్డీతో మూడేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 382 డాలర్లు కట్టాలి. మొత్తం సుమారు 13,750 డాలర్లవుతుంది. దానిని 20,000తో భాగిస్తే ఒక్కో తూటా మీకు 69 సెంట్లకు పడుతుంది. అంటే, ఎప్పుడో వస్తుందేమోనని మీరు భయపడుతున్న 70 సెంట్ల ధరను ఆంక్షల కోసం ఎదురుచూడకుండా మీ అంతట మీరే ఇప్పుడే చెల్లిస్తున్నారన్నమాట. నిజంగానే ధర 20 సెంట్లు పెరిగినా, ఏడాదికి 2,400 తూటాలు కాల్చే మీపై పడే అదనపు భారం 480 డాలర్లు మాత్రమే. కార్డు వడ్డీయే మూడేళ్లలో 3,750 డాలర్లు.

ఇక ఆంక్షలు ఎలా పనిచేస్తాయో తెలిస్తే ధర ఎప్పుడు, ఎందుకు కదులుతుందో అర్థమవుతుంది. 2014 జులైలో అమెరికా ట్రెజరీ (ఆర్థిక) శాఖ రష్యా ఆయుధ తయారీ సంస్థ కలష్నికోవ్ కన్సర్న్‌ను ఆంక్షల జాబితాలో చేర్చింది. మీ సైగాను తయారు చేసిన ఇజ్మాష్ అప్పటికే ఆ సంస్థలో భాగం. అది ఒక కంపెనీపై వేసిన వేటు కనుక కొత్త రైఫిళ్ల రాక ఆగిపోయింది గానీ, ఇతర రష్యన్ కర్మాగారాల నుంచి తూటాలు అప్పట్లో వస్తూనే ఉండేవి. 2021లో వచ్చినది వేరే తరహా ఆంక్ష. రష్యా ప్రతిపక్ష నేత అలెక్సీ నవాల్నీపై విషప్రయోగానికి ప్రతిగా, రసాయన ఆయుధాల నిరోధానికి 1991లో చేసిన చట్టం కింద, రష్యాలో తయారైన తుపాకులు, తూటాల శాశ్వత దిగుమతికి కొత్తగా వచ్చే దరఖాస్తులను, పెండింగులో ఉన్నవాటిని తిరస్కరించాలని విదేశాంగ శాఖ నిర్ణయించింది. ఆ నిర్ణయాన్ని ఆగస్టు 20న ప్రకటించగా, సెప్టెంబరు 7 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే అప్పటికే మంజూరైన పర్మిట్లు గడువు తీరేదాకా చెల్లాయి. అందువల్ల ప్రకటన వెలువడిన నాడే ఓడలు ఆగిపోలేదు. దుకాణాల్లో అరలు ఖాళీ అయింది సరుకు ఆగిపోయినందువల్ల కాదు, అంతకన్నా ముందే జనం ఎగబడినందువల్ల.

ఇక్కడ రెండు రకాల ధరల పెరుగుదలను విడదీసి చూడాలని నా అభిప్రాయం. 2020లో కొవిడ్‌తో పాటే గిరాకీ విపరీతంగా పెరిగినప్పుడు 9 మి.మీ. పిస్టల్ తూటాల ధర ఆకాశాన్నంటింది. కానీ వాటిని అమెరికాలోని కర్మాగారాలే భారీగా తయారు చేస్తాయి కనుక, తర్వాతి రెండేళ్లలో ఆ ధర సగానికన్నా కిందికి దిగివచ్చింది. శిఖరం మీద కొని నిల్వ చేసుకున్నవాళ్లు నష్టపోయారు. మీ 7.62×39 కథ అలా సాగలేదు. రష్యాలోని తులా, బర్నౌల్ కర్మాగారాల నుంచి వచ్చిన ఉక్కు తొడుగు తూటాలే ఈ రకాన్ని చౌకగా నిలబెట్టాయి. ఆ మూలమే మూసుకుపోయాక 2019 నాటి ధర మళ్లీ రాలేదు. సెర్బియాలోని ప్ర్వి పార్టిజాన్, బోస్నియాలోని ఇగ్మాన్, చెక్ దేశపు సెల్లియర్ అండ్ బెల్లో వంటి సంస్థలు ఆ ఖాళీని కొంత పూరించాయి గానీ, అవి ఎక్కువగా అమ్మేది ఇత్తడి తొడుగు తూటాలను. అవి నాణ్యమైనవే, కానీ చౌక కావు. వాటిపై దిగుమతి సుంకం పెరిగితే ఆ భారమూ చివరికి కొనేవారిదే.

పాత ధర తిరిగి వస్తుందని కూడా ఆశ పెట్టుకోకండి. 1994లో క్లింటన్ ప్రభుత్వం చైనా తుపాకులు, తూటాల దిగుమతిని నిషేధించింది. ముప్పై ఏళ్లు దాటినా అది తొలగలేదు. 2021 నాటి ఆంక్షను కనీసం పన్నెండు నెలలకని ప్రకటించారు, ఏడాది గడిచినా దాన్ని ఎత్తివేయలేదు. తాత్కాలికమని మొదలైన ఆంక్షలు ఎంత కాలం నిలుస్తాయో ఇవి చూస్తే తెలుస్తుంది.

కాబట్టి మీకు అసలు కావలసినది నిల్వ కాదు, నెలవారీ కేటాయింపు. తూటా 70 సెంట్లే అనుకొని నెలకు 140 డాలర్లను ఈ పద్దు కింద పక్కన పెట్టండి. ఇప్పటి ధరకు అందులో వంద డాలర్లే ఖర్చవుతుంది. మిగిలిన 40 డాలర్లు పోగైనకొద్దీ, వెయ్యి తూటాల పెట్టె తక్కువ ధరకు దొరికినప్పుడు నగదుతో కొనండి. వేసవిలో ఏడాదికి సరిపడా చింతపండు, ఎండుమిరపకాయలు కొని పెట్టుకోవడం మన ఇళ్లలో ఉన్న అలవాటే. ఎనిమిదేళ్లకు సరిపడా ఎవరూ కొనరు. మీరు కాల్చే వేగానికి 20,000 తూటాలు ఎనిమిదేళ్లకు పైగా వస్తాయి. మీరు అయిదేళ్లలో వెళ్లిపోతామంటున్నారు. ఆ లెక్కన ఎనిమిది వేలు మిగిలిపోతాయి. వెయ్యి తూటాల పెట్టె బరువు పద్దెనిమిది కిలోల దాకా ఉంటుంది. అలాంటివి ఇరవై పెట్టెలంటే ఏడు సిమెంటు బస్తాల బరువు, అదీ టెక్సస్ వేసవిలో గ్యారేజీలో. తూటాలు చల్లగా, పొడిగా ఉన్నచోట దశాబ్దాలు నిలుస్తాయి గానీ, ఎండకు కాగే గ్యారేజీ అలాంటి చోటు కాదు.

కొనే ముందు మరొక సంగతి కూడా చూసుకోండి. రష్యన్ తూటాల్లో చాలావాటి గుండు పైపూతలోనూ ఉక్కు ఉండటంతో అవి అయస్కాంతానికి అంటుకుంటాయి. అందుకే అనేక ఇన్‌డోర్ రేంజ్‌లు వాటిని అనుమతించవు. మీ రేంజ్ నిబంధన ఏమిటో కనుక్కోకుండా చౌకగా దొరికాయని పాత నిల్వ కొంటే, కాల్చడానికి చోటు లేక దాచుకోవలసి వస్తుంది.

మీ తమ్ముడి వాటా విషయంలో మాత్రం నేను కచ్చితంగా వద్దంటాను. హెచ్‌1బీ వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీనే కాదు, తూటాలను కూడా తమ అధీనంలో ఉంచుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం 1998 నుంచి చెబుతోంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండటం వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. అతను డబ్బు పెట్టి, ఒకే ఇంట్లో ఉంటూ, ఆ పెట్టెలున్న గదికి తాళంచెవి కూడా తన దగ్గర ఉంచుకుంటే, అవి ఎవరి అధీనంలో ఉన్నాయన్న ప్రశ్న తప్పక వస్తుంది. అయిదువేల డాలర్ల ఆదా కోసం అతని ఉద్యోగాన్నీ, ఇమిగ్రేషన్ దరఖాస్తునూ పణంగా పెట్టడం ఏ ఆర్థిక ప్రణాళికలోనూ ఇమడదు. మీ దగ్గర ఇప్పుడున్న తుపాకీ, తూటాలు కూడా మీ ఒక్కరికే తెరుచుకునే సేఫ్‌లో ఉండాలి. ఒక గంట ఇమిగ్రేషన్ న్యాయవాదికి ఫీజు కట్టి ఈ సంగతి అడగండి. మీరు పెట్టబోయే ఖర్చుల్లో ఇదే సద్వినియోగమయ్యేది.

ఇంటి బీమా పత్రం కూడా ఒకసారి తీసి చూడండి. ఇంట్లోని వస్తువులన్నింటికీ బీమా ఉన్నట్టే కనిపించినా, తుపాకులు, వాటి అనుబంధ సామగ్రి దొంగతనానికి గురైతే ఇచ్చే పరిహారానికి చాలా పాలసీల్లో 2,500 డాలర్ల వంటి ప్రత్యేక పరిమితి ఉంటుంది.

చివరగా, రైఫిల్ అమ్మకం సంగతి. 2014లో ఆంక్షలు వచ్చినప్పుడే ట్రెజరీ శాఖ ఒక వివరణ ఇచ్చింది. అప్పటికే పూర్తిగా డబ్బు చెల్లించి సొంతం చేసుకున్న కలష్నికోవ్ ఉత్పత్తులను ఉంచుకోవచ్చు. ఆ సంస్థకు ఎలాంటి వాటా, ప్రయోజనం లేని లావాదేవీ అయితే తిరిగి అమ్ముకోవచ్చు. మీరు సహోద్యోగి దగ్గర కొన్నారు, మరో వ్యక్తికి అమ్ముతున్నారు, కాబట్టి ఆంక్షల పరంగా చిక్కు లేదు. అమ్మితే వచ్చే 500 డాలర్ల లాభాన్ని పన్ను రిటర్నులో చూపాలి. ఒకవేళ నష్టానికి అమ్మి ఉంటే, సొంత వాడకపు వస్తువు కనుక ఆ నష్టాన్ని పన్ను లెక్కలో ఆదాయం నుంచి తగ్గించుకునే వీలుండేది కాదు.

కొత్తవి రావు కనుక దాని ధర ఇంకా పెరుగుతుందని దాచుకోవడాన్ని నేను పెట్టుబడి అనను. కానీ కాల్చడం మీకు ఇష్టం కాబట్టి ఇప్పుడే అమ్మేయమని కూడా చెప్పను. ఇలాంటి సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ను, ఈ తూటాలను సామాన్లతో విజయవాడకు తీసుకువెళ్లే దారి లేదు. భారత ఆయుధ చట్టం కింద ఇవి సామాన్య పౌరులకు నిషిద్ధమైన కోవలోకి వస్తాయి. కాబట్టి ప్రయాణం ఖాయమైన వెంటనే, కనీసం ఆరునెలల ముందు, లైసెన్సున్న డీలరు ద్వారా కొనేవారి నేపథ్య తనిఖీ జరిపించి అమ్మండి. అప్పటికి తూటాలు ఒకటి రెండు పెట్టెలే మిగిలి ఉంటే, వాటినీ అదే బేరంలో కలిపేయవచ్చు.