మూడు గెలిచి ఎనిమిది ఎందుకు ఓడారు?

ప్రశ్న: మా అబ్బాయి కొలరాడో యూనివర్సిటీలో చదువుతున్నాడు. 2023లో డియాన్ శాండర్స్ హెడ్ కోచ్‌గా వచ్చాక వాళ్ల అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మొదటి మూడు మ్యాచ్‌లూ గెలిచింది. చివరికి 4 గెలుపులు, 8 ఓటములు. ఎక్కడ దెబ్బతింది?

జవాబు: ముందు వరుసలో. అంతకుముందు ఏడాది ఒక్కటే గెలిచి 11 ఓడి చతికిలబడ్డ జట్టును ఆయన దాదాపు మొత్తం మార్చేశారు. బయటి కాలేజీల నుంచి వచ్చిన రిసీవర్లు (పాస్‌లు అందుకునేవాళ్లు) నెలలో కుదురుకుంటారు. పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను కాచే ముందు వరుస ఐదుగురికి మాత్రం కలిసి ఆడిన అనుభవం కావాలి. పక్కవాడు ఎటు కదులుతాడో తెలియకపోతే సందు పడుతుంది, ప్రత్యర్థి దూరిపోతాడు. క్వార్టర్‌బ్యాక్ షెడూర్ శాండర్స్‌ను (కోచ్ కొడుకే) ఆ సీజన్‌లో 52 సార్లు బంతితో సహా పడగొట్టారు! నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకెళ్లాల్సిన ఆటలో మొదటి ప్రయత్నంలోనే 7 గజాలు పోతే తర్వాత 17 గజాలు కావాలి; పాస్ తప్ప గతి లేదని అవతలివాళ్లకూ తెలిసిపోతుంది.

డిఫెన్స్ కూడా అంతంతమాత్రమే. స్టాన్‌ఫర్డ్‌పై సగం ఆటకి 29-0 ఆధిక్యంలో ఉండి, రెండో ఓవర్‌టైమ్‌లో 46-43తో ఓడారు. నవంబరులో ఏ ఎత్తుగడ ఆడాలో చెప్పే బాధ్యత వేరే కోచ్‌కి అప్పగించినా ఫలితం లేదు. ముందు వరుస అదే కదా మరి.

ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు బంతి కదిలిన మొదటి మూడు సెకన్లు ఆ ఐదుగురినే గమనించండి.