పెళ్లికని ఎఫ్‌డీ దాచి, జర్మనీకి కార్డు మీద డబ్బు పంపుతున్నారా?

ప్రశ్న: మాది అనంతపురం. ఇరవై ఏళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మా అమ్మాయి మొన్న అక్టోబరులో జర్మనీలో ఎం.ఎస్.లో చేరింది. ఎడ్యుకేషన్ లోన్ 25 లక్షలు శాంక్షన్ అయితే 13 లక్షలు తీసుకున్నాం. బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచే ఖాతా) నుంచి నెలనెలా డబ్బు వస్తున్నా సరిపోవడం లేదంటే, క్రెడిట్ కార్డు నుంచి తీసి నెలకు 25,000 పంపుతున్నాను. కార్డు బాకీ 1,80,000కు చేరింది. మినిమం కట్టడానికి లోన్ యాప్‌లో 60,000 తీసుకున్నాను. జీతం చేతికి 1,20,000. ఇంటి ఈఎంఐ 40,000, చదువు లోన్ వడ్డీ 11,500, చీటీ 10,000, ఇంటి ఖర్చు 45,000. అమ్మాయి పెళ్లికని 4 లక్షల ఎఫ్‌డీ ఉంది, దాన్ని ముట్టుకోవడం మా ఆవిడకు ఇష్టం లేదు. 5 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుని అన్నీ తీర్చేయనా? చీటీ పాడమంటారా?

జవాబు: పర్సనల్ లోన్ వద్దు. చీటీ ఇప్పుడే పాడితే పాటలో వదులుకునే సొమ్ములోనే చాలా పోతుంది, అదీ వద్దు. ఎఫ్‌డీ తీయండి, రేపే.

ఇంట్లో గొడవవుతుందని తెలుసు. మీ ఆవిడకు ఈ లెక్క చూపించండి. కార్డు బాకీ మీద నెలకు మూడున్నర శాతం అనుకున్నా వడ్డీ 6,300, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే నెలకు 7,400 పైగా పోతోంది. ఆరున్నర శాతం వడ్డీ వచ్చే మీ ఎఫ్‌డీ తెచ్చేది నెలకు 2,200 కూడా కాదు. పెళ్లికని దాచిన డబ్బును అలా దాచి ఉంచడానికే నెలకు ఐదు వేలు ఎదురు కడుతున్నారు! పైగా కార్డుతో నగదు తీస్తే తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, నలభై రోజుల గడువేమీ ఉండదు. ఆ మినిమం కట్టడానికి మళ్లీ యాప్ లోనా? గోరుచుట్టు మీద రోకటిపోటు. కట్టవలసిన డబ్బు చేతిలో పెట్టుకుని ఇంత ఖరీదైన అప్పు చేయడం ఏమిటండీ?

ఈ ప్రశ్నను ఎంచుకోవడానికి కారణం ఉంది. పిల్లల్ని బయటికి పంపే చాలా ఇళ్లలో ప్లాన్ వీసా స్టాంపు దగ్గరే ఆగిపోతుంది. బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేశాం, ఇక ఫర్వాలేదు అనుకుంటారు. అది అత్యవసర నిధి కాదు. ఎంత అవసరమొచ్చినా నెలకు 992 యూరోలకు మించి బయటికి రాదు. మొదటి నెల అదీ ఆలస్యమవుతుంది, ఎందుకంటే అక్కడ అడ్రస్ నమోదు చేయించుకుని మామూలు బ్యాంకు అకౌంట్ తెరిచాకే డబ్బు పడుతుంది. సరిగ్గా ఆ వారాల్లోనే ఇంటి అడ్వాన్స్ అడుగుతారు. అక్కడి చట్టం ప్రకారం కరెంటు, హీటింగ్ కలపని అద్దెకు మూడింతల వరకు తీసుకోవచ్చు. 300 యూరోల గదికి 900. పది నెలల అడ్వాన్స్ అడిగే బెంగళూరులో కాపురం పెట్టిన మనం ఈ ఖర్చును ఎలా మర్చిపోతామో నాకు అర్థం కాదు. మీ కార్డు మొదట గీకింది దీనికేనని నా అనుమానం. చేతిలో ఓ లక్షన్నర విడిగా ఉంటే ఇవాళ ఈ ప్రశ్నే రాసేవారు కాదు.

ఎఫ్‌డీ 4 లక్షల్లో కార్డుకు, యాప్‌కు 2,40,000 పోతే 1,60,000 మిగులుతుంది. ముందే తీస్తున్నందుకు బ్యాంకు వడ్డీలో కొంత కోస్తుంది, కోయనివ్వండి. మిగిలింది అత్యవసర నిధి. మీ ఇంటికి నెలకు 1,06,500 కావాలి, అంటే ఆరు నెలలకు దాదాపు 6,40,000. మీ చేతిలో ఉండేది నెలన్నరకే. అందుకే నెలనెలా మిగిలే 13,500 ఇకపై ఇందులోకే వెళ్లాలి, చీటీ డబ్బు వచ్చినప్పుడు అదీ ఇందులోకే. ఇందులో 60,000 అమ్మాయి పేరున లెక్క రాసుకోండి, హఠాత్తుగా ఇంటికి రావలసి వస్తే టికెట్‌కు. అది ఇక్కడే ఉండాలి. అక్కడికి పంపితే ఖర్చయిపోతుంది.

అమ్మాయి ఖర్చు మాట. గదికి అన్నీ కలిపి 380 యూరోలు, హెల్త్ ఇన్సూరెన్స్ 140 చుట్టూ పోయినా 992లో 470 దాకా మిగలాలి. వండుకుంటే తిండికి, ఫోన్‌కు సరిపోతుంది. కొత్తలో అందరూ ఒకచోటే తప్పుతారు. ఆదివారం షాపులు మూసేస్తారని గుర్తుండక, ఫ్రిజ్ ఖాళీగా ఉంటే ఆర్డర్ పెట్టుకుంటారు. శనివారం సాయంత్రానికి బియ్యం, కూరలు తెచ్చుకోమనండి. మధ్యాహ్నం యూనివర్సిటీ మెన్సాలో (క్యాంటీన్‌లో) తింటే చవక. ఇంకొకటి, టీవీ లేదు కదా అని రేడియో ఫీజు (అక్కడి పబ్లిక్ రేడియో, టీవీల కోసం ప్రతి ఇల్లూ కట్టేది) ఉత్తరాలను పక్కన పడేయొద్దని చెప్పండి. ఇంటికి నెలకు 18.36 యూరోలు, టీవీ ఉన్నా లేకున్నా. ముగ్గురుంటే తలా ఆరు యూరోలు. కట్టకపోతే బకాయి అంతా ఒకేసారి వస్తుంది, అప్పుడు మీకు ఫోన్ వస్తుంది. పార్ట్ టైమ్ పనికి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజుల అనుమతి ఉంది. ఆ జీతం చేతికి రాకముందే లెక్కలో వేసుకోవద్దు. 25,000 పంపడం వచ్చే నెల నుంచి ఆపండి, ఆపే ముందు మూడు నెలల ఖర్చు రాసి పంపమనండి.

మీకు కంపెనీ హెల్త్ పాలసీ ఒక్కటే ఉంటే సొంతంగా ఇంకోటి తీసుకోండి. గోల్డ్ లోన్ ఆఖరి దారి.

రెండో ఏడాదికి రెసిడెన్స్ పర్మిట్ పొడిగించేటప్పుడు డబ్బు మళ్లీ చూపించాలి. దానికి పర్సనల్ లోన్ ఎందుకు? శాంక్షన్ అయిన దాంట్లో 12 లక్షలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి, ఆ లోన్ నుంచి నేరుగా పంపితే టీసీఎస్ (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు ముందే పట్టుకునే పన్ను) కూడా పడదు. శాంక్షన్ లెటర్, మొదటి సెమిస్టర్ మార్కులు పట్టుకుని ఈ వారమే బ్రాంచికి వెళ్లి, మిగతాది విడుదల చేయడానికి ఏమేం కాగితాలు కావాలో రాయించుకు రండి.